మగన్ దేవుడికి ముడుపు

తొంభైల మొదట్లో ఒమన్‌లోని బహ్లా దగ్గర పాత దిబ్బలు తవ్వే పనికి కంపెనీ నన్ను పంపింది. తవ్వించే మేడం విదేశీయురాలు, హిందీ కొంచెం వచ్చు. చాయ్ వేళ కథలు చెప్పేది. ఒమన్‌కు పూర్వం మగన్ అని పేరట. ఇరాక్ వైపు పాత దేవుళ్ళలో ఎన్‌కీ అనే పెద్దాయనకు ఎనిమిది చోట్ల నొప్పులు పుట్టాయట. నిన్‌హుర్సగ్ అనే దేవత "తోబుట్టువా, ఎక్కడ నొప్పి?" అని అడిగి, ఒక్కో నొప్పికి ఒక్కో దేవుణ్ణి కన్నదట. వెంట్రుకల నొప్పికి పుట్టినవాడు నిన్‌సికిల. పంపకాల్లో వాడికి మగన్ వచ్చింది. ఇంకొకడికి బహ్రెయిన్ ఇచ్చారు, ఒకామెను పాతాళపు దేవుడికిచ్చి పెళ్ళి చేశారు. బహ్రెయిన్‌లో మా ఊరివాళ్ళున్నారు. దేవుళ్ళ వరసన మేమంతా చుట్టాలమే అని నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. జగిత్యాల దగ్గర ఊళ్ళో మా చెల్లెలు తన కొడుకు పుట్టువెంట్రుకలు అలాగే ఉంచింది. మొదటి కత్తెర మేనమామ వేయాలి. మూడో ఏట సెలవు దొరకలేదు. ఐదో ఏడు నడుస్తోంది, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, చలికాలం తవ్వకాలు అయ్యేదాకా ఎవరినీ పంపేది లేదన్నారు.

అప్పట్లో మా మాటలు క్యాసెట్లలో వెళ్ళేవి. "ఈడ ఒమన్ల దేవుడు ఎంటికల దేవుడేనమ్మా, నన్ను ఇడుస్తలేడు" అని హాస్యానికి చెల్లెలికి రికార్డు చేసి, ఊరికి వెళ్ళేవాడి చేతికిచ్చాను.

జవాబు క్యాసెట్‌లో చెల్లెలు గొంతు తగ్గించి మాట్లాడింది. "అన్నా, గా దేవునికి ముడుపు కట్టిన. నిన్ను తోలియ్యమని మొక్కిన. నువ్వు రాందే పోరని తలకు కత్తెర పెట్టనియ్య."

ఆ మాట విని రూమ్‌లో గోడకు తిరిగి పడుకున్నాను. అంత నమ్ముతుందని తెలిస్తే నోరు మూసుకునేవాణ్ణి.

ఎండాకాలంలో గానీ నన్ను వదల్లేదు. అప్పటికే బడిలో పిల్లలు మేనల్లుడి జడ గుంజుతున్నారని బావ తన తమ్ముడితో కత్తెర వేయించాడు. చెల్లెలి చంకలో నేనింకా చూడని రెండో బిడ్డ, ఏడాది పిల్ల ఉంది. దాని తలా నున్నగా ఉంది.

దర్వాజ మీద ముడుపు కట్టిన పసుపు గుడ్డ కోసం చూశాను.

"ఇప్పేసిన అన్నా" అంది. "గా దేవునికి మన బాధ ఏం ఎర్క. కూసో, అన్నం పెడ్త."

పిల్లను నేనే అడిగి ఎత్తుకున్నాను. కొత్త మనిషినని ఏడ్చింది.