వంతెన పైన తెల్లమచ్చ

మొన్న తిరువూరు బస్టాండు పక్కన నూడుల్స్ బండివాడు పెనం మీద వెనిగర్ చల్లగానే, ఆ పుల్లటి ఘాటుకు నేను మొదట ఉద్యోగంలో చేరిన హైస్కూలు గుర్తొచ్చింది. అక్కడ సైన్సు చెప్పే సుగుణ టీచర్ స్టోరు గది కిటికీకి దుప్పటి కట్టి ఫోటోలు కడిగేవారు. ఆ మందుల్లో ఒకటి అచ్చం అదే వాసన వేసేది. అందరూ రంగుల ఫిల్ముకు మారినా ఆవిడ నలుపు తెలుపు వదల్లేదు. ఆదివారం చర్చి కాగానే కెమెరా తగిలించుకుని బెజవాడ బస్సెక్కేవారు. నేనేమో దేవుడు లేడని సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. అయినా మాకు బాగా పొసిగేది.

ఒకసారి సీతానగరం ఒడ్డు నుంచి బ్యారేజీనీ, వెనక మేడలనూ, కొండనూ తీసిన ఫోటోను స్టాఫ్‌రూములో పెట్టారు. వంతెన పైన ఆకాశంలో తెల్లగా ఒక మచ్చ. లెక్కల మాస్టారు చూసి, "కొండమీది అమ్మవారి జ్యోతండీ" అన్నారు. అటెండరు ఏసోబు ఒప్పుకోలేదు. "జ్యోతేంటి సార్, యేసు పుట్టినప్పటి బేత్లెహేము నక్షత్రం!"

"నెగెటివ్ మీద నలుసుంటే కాగితం మీద తెల్లగా పడుద్ది. అంతే" అని టీచర్ నవ్వేశారు. ఆ నవ్వు ఊళ్ళోకి వెళ్ళలేదు, నక్షత్రం వెళ్ళింది. బెజవాడ ఆసుపత్రిలో కడుపులో గడ్డ తీయించుకోవాల్సిన టీచర్ వాళ్ళమ్మ ఆ మాట విని, దేవుడే గుర్తు చూపించాడు, ఇక ఆపరేషన్ వద్దని మొండికేసింది. నాకు ఒళ్ళు మండింది.

"సభ పెట్టి ఉతికేస్తానక్కా."

"నువ్వు ఉతికితే చొక్కా చిరుగుద్ది తమ్ముడూ. ఆటో పిలువు, అమ్మని తీసుకొద్దాం."

స్టోరు గదిలో ఎర్రదీపం వెలుగులో ముసలావిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆమె కళ్ళ ముందే నెగెటివ్ తుడిచి, దానిలోంచి కొత్త కాగితం మీద వెలుగు పడనిచ్చి మందులో వేశారు. మెల్లగా వంతెన తేలింది, మేడలు తేలాయి. ఆకాశం ఖాళీ.

"చుక్కేదే?"

"అది దుమ్మమ్మా. తుడిచేశాను."

"మరి దేవుడు?"

"ఉన్నాడు. ఈ మచ్చ మాత్రం ఆయన పెట్టింది కాదు."

ఆమె ఆ తడి కాగితం మీద ఖాళీ ఆకాశాన్ని వేలితో తడిమింది. "బెజవాడ పొద్దున బస్సు ఎన్నింటికే?" అని అడిగింది.

ఆపరేషన్ అయింది, ఆమె కోలుకుంది. మచ్చలేని ఫోటోను టీచర్ స్టాఫ్‌రూములో పెడితే దాని ముందు ఒక్కరూ ఆగలేదు.

సుగుణ టీచర్ చివరిదాకా చర్చి మానలేదు, నేను నా వాదం మానలేదు. కానీ ఇవాళ్టికీ చేతబడి అనో మహిమ అనో ఎక్కడైనా వింటే, మైకు పట్టుకునే ముందు ఆ ఇంటికి వెళ్తాను. భయపడ్డ మనిషి పక్కన కూర్చుంటాను. వాళ్ళు అడిగేదాకా నోరు మూసుకోవడం మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.