మందపు లాడం

విశాఖ స్టేషన్ ముందు జట్కా తోలే ఎల్లారావు ఆడగుర్రానికి నుదుటి మీద గవ్వంత తెల్లమచ్చ. అందుకే దాని పేరు గవ్వ. ఒక వానాకాలం హార్బరు రోడ్డులో రైలుపట్టాల మీద జారి పడ్డాక వెనక ఎడమకాలు కాస్త పొట్టిగా పడేది. కుంటి గుర్రం బండి ఎవరెక్కుతారు? ఎల్లారావు ఆ కాలికి మందపాటి లాడం కొట్టించాడు. నడక కుదురుకుంది. అరిగినప్పుడల్లా మళ్లీ అదే మందం. పోను పోను గవ్వ కుంటిదన్న సంగతే పేటంతా మరిచిపోయింది, ఎల్లారావు కూడా. సాయంత్రం దాని కాళ్లు కడిగే పెళ్లాం అసిరమ్మ మాత్రం మరవలేదు.

ఆటోలు వచ్చేశాయి. గవ్వకు వయసు మళ్లుతోంది. ఇంకో గుర్రాన్ని కొనే తాహతు లేదు. ఒక్క పిల్లను ఈనితే జట్కా నిలుస్తుంది. దువ్వాడ గవర్రాజు దగ్గర మంచి మగగుర్రం ఉంది.

"ఏటి బావా, నా గుర్రం ముసిలైపోనాక తెత్తావేటి నీ పెళ్లికూతుర్ని?" అన్నాడు గవర్రాజు.

"డాక్టరు బాబు సూడాల ముందు," అన్నాడు ఎల్లారావు.

బయల్దేరుతుంటే అసిరమ్మ అడ్డొచ్చింది. "ఆ లాడం పీకేసి సూపించు మావా."

"లాడం లేకండా తారు రోడ్డెక్కిత్తే గిట్ట పగిలిపోదేటే? నీకన్నీ బయాలే."

పశువుల డాక్టరు భీమశంకరరావుగారు గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. "ఏ గుర్రమైనా దెబ్బ తగిలి కుంటితే అది పిల్లకు రాదయ్యా. తుంటి ఎముక ఒరిగితేనే చిక్కు. పిల్ల వచ్చే దారి ఇరుకైపోతుంది. ఏదీ, నడిపించు," అన్నారు. వెనక నిలబడి చూశారు. తుంటి రెండు వైపులా సమానంగానే కదిలింది. "బానే ఉంది. కాస్త ఒళ్లు చేశాక మగగుర్రంతో దాటించు."

గవ్వ చూడి కట్టింది. అసిరమ్మ ఉలవలు ఉడికించి, చల్లార్చి, తన చేత్తో పెట్టింది. నెలలు నిండాక, పుట్టే పిల్లకు తగలకూడదని ఎల్లారావు లాడాలు ఊడదీశాడు. గవ్వ ఎడమపక్కకు ఒరిగి నిలబడింది. అసిరమ్మ వెళ్లి ఆ తుంటి మీద చెయ్యి వేసింది.

ఆ మధ్యాహ్నమే నొప్పులొచ్చాయి. పిల్ల రాలేదు. డాక్టరుగారొచ్చి, చెమటలు కక్కుతూ లాగితే చచ్చిన పిల్ల వచ్చింది. కాళ్లు నాలుగూ ఎంత తిన్నగా ఉన్నాయో.

"ఆ రోజు తుంటి ఇలా లేదే?" అన్నారాయన.

ఎల్లారావు గోడవారన పడున్న లాడం వైపు చూశాడు. అసిరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. దీపాల వేళకి గవ్వ కూడా పోయింది.

తర్వాత బతికినన్నాళ్లూ ఎల్లారావు పోర్టులో మూటలు మోశాడు.

గవ్వ పోయిన సాయంత్రం కూడా అలవాటు కొద్దీ అసిరమ్మ ఉలవలు నానబోసింది. తెల్లారి బాల్చీ చూసుకుని నిలబడిపోయింది.

"పారబొయ్యకే," అన్నాడు ఎల్లారావు.

ఉప్పేసి ఉడికించి ఇద్దరికీ పెట్టింది. అతను ముద్ద చేతిలోనే ఉంచుకుని, "అది కుంటిదని నానే మరిసిపోనానే," అన్నాడు.

"తిను మావా," అంది.