మల్లమ్మ వరస

1976 ఎండాకాలంలో నన్ను హైదరాబాదు రేడియో కేంద్రంలో ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌గా వేశారు. కార్యక్రమం అనుకోవడం, మనుషుల్ని పిలవడం, రికార్డు చేయించి ప్రసారానికి అప్పగించడం ఆ హోదాలో పని. పాతబస్తీ చేతిపనివాళ్లతో మాట్లాడించడం నాకు అప్పజెప్పిన మొదటి బాధ్యత.

ఉప్పుగూడలో లక్కగాజులు చేసే యాదమ్మను పిలిచాను. ఆమె గాజులు పత్తర్‌గట్టిలో ఒక సేఠ్ దుకాణంలో అమ్ముడుపోయేవి. పెద్ద రాయి చుట్టూ చిన్న రాళ్లు పొదిగిన ఒక రకాన్ని అందరూ ‘సేఠ్ డిజైన్’ అనేవారు. అది తన తల్లి మల్లమ్మదని లోకానికి చెప్పాలన్నదే యాదమ్మ పట్టుదల. అందుకే పని మానుకుని మరీ వచ్చింది.

తీరా స్టూడియోలో రికార్డింగ్ మొదలైందని ఎర్రదీపం వెలగగానే ఆమె నోరు పెగల్లేదు. “ఉత్త చేతులతోని కూసుంటే నాకు మాట రాదమ్మా. కుంపటి తెచ్చుకోనా?” అంది. తివాచీ పరిచిన గదిలో నిప్పులా! మా ఇంజనీరు ముఖం చూసి నాకు నవ్వు ఆగలేదు.

మర్నాడు భుజానికి తగిలించుకునే టేప్ రికార్డర్‌తో నేనే ఉప్పుగూడ వెళ్లాను. భర్త నర్సింగ్ లక్కను కాచి, సాగదీసి, గాజుగా చుట్టి అందిస్తే యాదమ్మ రాళ్లు పొదుగుతుంది. లక్క మెత్తగా ఉన్నంతసేపే రాయి కూర్చుంటుంది కాబట్టి, ఆ కాసేపు ఎవరేమన్నా జవాబివ్వకూడదన్నది వాళ్లింటి కట్టుబాటు. మిగతా సమయంలో మాత్రం ఇద్దరికీ మాటలే మాటలు.

నేను ఆ డిజైన్ సంగతి ఎత్తేసరికి వేడి గాజు ఆమె చేతికి వచ్చింది. “గది మా...” అని ఆగిపోయింది. సందు దొరికిందని నర్సింగ్ మైకు దగ్గరికి వంగి “మా నాయనది!” అనేశాడు. యాదమ్మ కళ్లెర్రజేసింది గానీ పెదవి కదపలేదు. టేపు ఆపుదామని మీట మీద చెయ్యి వేశాను గానీ, ఎందుకో ఆపలేదు. చివరి రాయి నొక్కాక ఆమె ఇంకో వేడి గాజు తీసి భర్త చేతిలో పెట్టింది.

“మీ నాయనదైతే నువ్వే పెట్టు. పెద్ద రాయి చుట్టు చిన్నయి ఎన్ని వస్తయి?”

నర్సింగ్ రాళ్ల పళ్లెం వైపు చూసి పకపకా నవ్వాడు. “నాకేం ఎరుక? గది అత్తమ్మదే. ఊకె అన్న.”

“అఫ్జల్‌గంజ్‌ల బండి మీద కోసి పెట్టిన దానిమ్మపండు చూసి మా అమ్మ మల్లమ్మ గీ వరస పెట్టింది. సేఠ్‌ది గాదు, ఇంకెవ్వలది గాదు,” అంది యాదమ్మ. ఆ గొంతులో గర్వం విని నాకు పట్టలేనంత సంతోషమేసింది.

అప్పట్లో ఎడిటింగ్ అంటే టేపును బ్లేడుతో కోసి అతికించడమే. ప్రసారంలో మౌనం సాగితే లోపం కింద లెక్క. నర్సింగ్ మాట తర్వాతి ఖాళీని కోసెయ్యమన్నారు మా పై అధికారి. కుంపటి చిటపటలు వినబడుతున్నాయి కదండీ, అది ఖాళీ ఎలా అవుతుందని వాదించాను. విసుక్కుంటూనే ఒప్పుకున్నారు.

ప్రసారం రోజున ఆ ఖాళీ రాగానే ఉప్పుగూడ హోటల్లో జనం రేడియో చెడిపోయిందనుకుని దాన్ని తట్టారట. “ఆగుండ్రి భాయ్, ఇప్పుడు నా ఇజ్జత్ పోతది, ఇనుండ్రి,” అని నర్సింగే అందరినీ ఆపాడట. తర్వాత నేను పత్తర్‌గట్టి వెళ్తే, సేఠే స్వయంగా ఆ గాజులు ముందు పెట్టి “మల్లమ్మ వరస, చూడండి మేడమ్” అన్నాడు.

చేతిపనివాళ్లను మాట్లాడించాలంటే ముందు వాళ్ల చేతిలో పని ఉండాలని అప్పుడు నేర్చుకున్నాను. వాళ్లు మాట మధ్యలో ఆగితే, మిగిలింది వాళ్లే చెప్పేదాకా మైకు తియ్యకూడదు.