పొడుగక్క చాటు

కాలేజీ సైకిల్ జట్టులో అందరూ ఆమెను పొడుగక్క అంటారు. సైకిలెక్కే ముందు టైర్లను పండు పండిందో లేదో చూసినట్టు బొటనవేలితో నొక్కుతుంది, జడ బిగిస్తుంది, ఇక మాట్లాడదు. ముందుండి ఎదురుగాలికి అడ్డు నిలవడం ఆమె పని. ఆ చాటున వెనకవాళ్ళకు సగం శ్రమ తప్పుతుంది. మొదటి పందెంలో తల వంచి గుట్ట మీదికి తొక్కింది. వెనక చక్రాల చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఇంకేం కావాలి? గుట్టెక్కాక, "అలసిపోయారా?" అంటూ తిరిగి చూసింది. తనవాళ్ళు ఒక్కరూ లేరు. పచ్చచొక్కాల అవతలి కాలేజీవాళ్ళు హాయిగా వరసకట్టి ఉన్నారు.

"లేదక్కా, మీరు కానివ్వండి," అన్నాడొకడు మహా మర్యాదగా.

ఆమెకు ఒళ్ళు మండింది. పక్కకు తప్పుకుని, తనవాళ్ళు రొప్పుతూ వచ్చేదాకా ఆగింది.

"మమ్మల్నొదిలెయ్ అక్కా, నువ్వైనా గెలుస్తావు," అంది కెప్టెన్.

"నోరు మూసుకుని నా వెనకాల రా."

మళ్ళీ ముందు నిలిచింది. ఈసారి మాటిమాటికీ చంక కిందనుంచి వెనక్కి చూసుకుంటూ తొక్కింది. చివరి మలుపు దగ్గర, గాలికి డీలాపడ్డ పచ్చచొక్కాలు దొరికాయి.

"దాటేద్దామా అక్కా?"

"తొందరేముంది? కాసేపు వాళ్ళని కానివ్వనీ," అంటూ పొడుగక్క వాళ్ళ వెనక చేరి, మొదటిసారిగా ఒళ్ళు సడలించింది.