వెనక సీట్లో కూర్చున్న మాస్టారు

ఈ సంగతి మా సంఘంలో ఇప్పటికే రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒకదాని ప్రకారం ఎస్తేరు అబద్ధమాడింది. రెండోదాని ప్రకారం నేను ఆడాను. జరిగినదాన్ని జరిగిన క్రమంలో ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే ఈ రెండే నిలిచిపోతాయి. తరగతి నాది గనుక ఆ బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను.

నేను దయ్యాలను నమ్మను. కళాశాలలో తర్కశాస్త్రం బోధించి రిటైరైనవాడిని. చనిపోయినవారు ఇళ్ళ వెంట తిరగరని ఎన్నో వేదికల మీద చెప్పాను, ఇప్పటికీ చెబుతాను. పైగా ఈ ఉదంతంలో చనిపోయినవారు ఎవరూ లేరు. నా ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌ను వాడుకుంటాం. శనివారం మధ్యాహ్నాలు అక్కడ, ఇళ్ళకు వెళ్ళి సువార్త చెప్పడంలో విశ్వాసులకు శిక్షణ ఇచ్చేవాడిని. నియమాలు నేనే ఏర్పరచాను. ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. ప్రభువు శిష్యులను పంపినట్టు ఇద్దరిద్దరుగానే వెళ్ళాలి. పిలవని ఇంటికి పోకూడదు. వాదించకూడదు. సాక్ష్యం, అంటే తన విశ్వాసానుభవం, క్లుప్తంగా ముగించాలి. ఆ ఇంట్లో ఏమీ తినకూడదు. తిన్న తరువాత మాట మొహమాటానికి లొంగిపోతుంది. శిక్షణ పూర్తయినవారిని సంఘం ముందు నిలబెట్టి, పెద్దలు తలపై చేతులుంచి ప్రార్థించి పంపుతారు.

అలా పంపవలసిన మొదటి వ్యక్తి ఎస్తేరు. నరసరావుపేట అమ్మాయి, ముప్ఫై దాటిన మనిషి, మందుల కంపెనీలో ఉద్యోగం. వర్జీనియాలో షాంటిలీ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల మధ్య సేవకు ఆమెను పంపాలని నిర్ణయించాం. అందుకోసం ఉద్యోగాన్ని కూడా అక్కడికి మార్చుకునే ఏర్పాటు చేసుకుంది. నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్న శిష్యురాలు మరొకరు లేరు. అక్కడ ఇలాంటి తరగతే ఆమె నడుపుతుందని అనుకునేవాడిని.

అలాంటి మనిషి హఠాత్తుగా తరగతికి రావడం మానేసింది. కారణం చెప్పలేదు. ఆదివారం ఆరాధనలో ఎదురైతే మాత్రం, మా ఇద్దరికే తెలిసిన విషయమేదో ఉన్నట్టు నవ్వేది.

ఒక ఆదివారం కాంతమ్మగారు అనే పెద్దావిడ కూతురిని వెంటబెట్టుకుని మొదటిసారి ఆరాధనకు వచ్చారు. ఖమ్మం నుంచి వచ్చి కొన్ని నెలలుగా ఇక్కడ కూతురింట్లో ఉంటున్నారట. ఆవిడను నేను ఎన్నడూ చూడలేదు. ఆవిడ నేరుగా నా దగ్గరికి వచ్చి నా చేతులు పట్టుకున్నారు.

"మొన్న శనివారం మా ఇంటికొచ్చి మస్తు నవ్వించిన్రు సార్. ఉప్మా బాగుందని మల్ల ఇంకింత పెట్టించుకున్నరు."

పొరపాటుపడ్డారని మర్యాదగా చెప్పాను. కూతురు ఒప్పుకోలేదు. "అదేంటంకుల్, ఎస్తేరక్కతో వచ్చారు కదా. షూస్ కూడా గుమ్మం వైపు తిప్పి పెట్టారు. మా పిల్లలు ఇప్పుడు అదే ప్రాక్టీస్ చేస్తున్నారు."

బూట్లు అలా తిప్పి పెట్టడం నా అలవాటే. కాని ఆ శనివారం ఆ సమయంలో నేను తరగతిలో ఉన్నాను. నాకు ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు కూడా లేదు. ఎవరైనా తీసుకువెళ్తే తప్ప కదలలేను.

తరువాత మాస్టర్స్ చదివే కొందరు కుర్రవాళ్ళు కూడా అలాగే చెప్పారు. నేను వాళ్ళ అపార్ట్‌మెంట్‌కు వెళ్ళానట. వాళ్ళ కష్టాలు వింటూ సింక్‌లోని గిన్నెలన్నీ కడిగానట. మా ఇంట్లో నేను గిన్నె కడగగా చూసినవారు లేరు.

నాకు తోచిన సమాధానం ఒక్కటే. ఎస్తేరు నా పోలికలున్న ముసలివాడిని ఎవరినో వెంటబెట్టుకుని, నా పేరుతో ఇళ్ళకు తిప్పుతోంది. నా నియమాలన్నీ నా ముఖంతోనే ఉల్లంఘిస్తోంది. ఇంతకు మించిన ద్రోహం ఒక శిష్యురాలు గురువుకు చేయగలదని నేను అనుకోను. సంఘపెద్దలను సమావేశపరచమని కోరాను.

ఎస్తేరు వచ్చింది. ఆరోపణ విని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది.

"మాస్టారూ, క్లాసు చాలమ్మా, ఇక ఇళ్ళకు పోదాం పద అన్నది మీరే కదా? ప్రతి శనివారం మీ బిల్డింగ్ కిందే పికప్ చేసుకున్నాను. వెనక సీట్లో కూర్చుని దారంతా పాటలు పాడేవారు."

ఎవరి కారెక్కినా నేను వెనక సీట్లోనే కూర్చుంటాను. పాటలు మాత్రం పాడను.

"మాస్టారు ఆ టైమ్‌లో మాకు క్లాస్ చెప్తున్నారమ్మా," అన్నారు పాస్టర్‌గారు. "నేనూ వెనక వరసలో కూర్చునే ఉన్నా."

ఆమె ఆయనవైపు చూడలేదు. "మీరు చెప్పండి మాస్టారూ. మీరు రాలేదా?"

"రాలేదు."

"నా ముఖం చూసి చెప్పండి."

ఆమె ముఖం చూసే చెప్పాను. మూడోసారి ఆమె అడగలేదు. తరగతి తెరవడానికి తన దగ్గర ఉంచిన బేస్‌మెంట్ తాళంచెవి బల్లమీద పెట్టింది.

"రూల్ నేను బ్రేక్ చేయలేదండీ. ఏ ఇంటికీ ఒంటరిగా వెళ్ళలేదు."

ఆమెను పంపే ప్రార్థన రద్దయింది. తలపై ఎవరి చేతులూ పడకుండానే ఎస్తేరు షాంటిలీకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆమె చూసిన చూపును నేను ఎరుగుదును. మోసపోయిన మనిషి చూపు అది. ఆ చూపు నాది కావలసింది. దాన్ని కూడా ఆమె నా దగ్గర నుంచి తీసుకుపోయిందనిపించింది.

ఆమె ముందే కల్పించుకున్న కథ అని కొన్నాళ్ళు నమ్మాను. అయితే ఉప్మా తిన్న మనిషిని చూసినది ఆమె ఒక్కతే కాదు. ఆ ముసలివాడి కోసం చుట్టుపక్కల విచారించాను. అలాంటివాడు ఎవరికీ తెలియదు.

చివరకు నేనే స్వయంగా కాంతమ్మగారి ఇంటికి వెళ్ళాను. నియమం ప్రకారం తరగతిలోని ఒక సహోదరుణ్ణి వెంటబెట్టుకుని, ముందుగా ఫోన్ చేసి వెళ్ళాను. బూట్లు విడిచి గుమ్మం వైపు తిప్పి పెట్టాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి నన్ను చాలాసేపు చూశారు. తరువాత నా భుజం మీదుగా మెట్ల వైపు చూశారు.

"సార్ రాలేదా?"

"నేనేనండీ మాస్టారిని," అన్నాను.

"మీరు మాస్టరే. ఎరుకే నాకు. ఆ సార్ రాలేదా అంటున్న."

లోపల కూర్చోబెట్టి మర్యాద చేశారు. ఉప్మా పెట్టమంటారా అని అడిగారు. వద్దన్నాను. సాక్ష్యం క్లుప్తంగా ముగించాను. ఆవిడ ఒద్దికగా విన్నారు, ఒక్కసారీ నవ్వలేదు.

నాకు తెలిసినది ఇంతే. తర్కం ఎంత దూరం తీసుకువెళ్ళగలదో అంత దూరం వెళ్ళి చూశాను, కారణం కనబడలేదు. ఇందులో క్రమం తప్పి ఉంటే, ఎవరి మాటనైనా నేను మార్చి రాసి ఉంటే, తెలిసినవారు దయచేసి సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. షాంటిలీలో ఉన్న పాఠకులు ఎవరైనా ఎస్తేరును ఎరిగి ఉంటే, ఈ ఒక్క సంగతి తప్పక తెలియజేయాలి. ఇప్పుడు ఆమె ఇళ్ళకు ఒంటరిగానే వెళ్తోందా?