లిదియా తెరిచి ఉంచిన డ్యాష్‌బోర్డు

లిదియాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎప్పుడూ చేతకాలేదు. అరకులో సికిల్ సెల్ రక్తపరీక్షలు చేసే ఓ చిన్న ట్రస్టులో కంప్యూటర్ల పనంతా ఆమెదే. కొండ ఊళ్లలో ఎవరికి ఆ జబ్బు ఉందో, జబ్బు లేకపోయినా ఎవరి నుంచి పిల్లలకు రావచ్చో, ఆ పేర్లన్నీ ఎక్కడో అద్దె సర్వర్లలో ఉంటాయి. అక్కడ ఒక్కో పనికి ఒక్కో కంటైనర్, అంటే విడి గది లాంటిది. ఏది పడిపోయినా వెంటనే మళ్లీ లేపి నిలబెట్టే మేస్త్రీ లాంటిది కుబర్నెటిస్. దానికి పని పురమాయించే తెర పేరు డ్యాష్‌బోర్డు.

ఆ డ్యాష్‌బోర్డుకు పాస్‌వర్డు, ఓటీపీ తీసేసింది లిదియానే. సంతలో క్యాంపు నడుస్తుండగా యాప్ బిగుసుకుపోతే అక్కడ పరీక్షలు చేసే ఫల్గుణే దాన్ని మళ్లీ లేపుకోవాలి. కొండ మీద ఓటీపీ వచ్చేసరికి దాని గడువు తీరిపోతుంది. అతను ఫోన్ చేసి "బేగి తియ్యి లిదియమ్మా, జనం ఎల్లిపోతన్నారు" అని ప్రాణం తీసేవాడు. ఈ లింకు ఎవరికి తెలుసులే అని ఆమె తెరిచి పెట్టేసింది. కొండల్లో ఎవరికీ తెలియకపోతే లోకానికీ తెలియదనుకోవడం ఎంత అమాయకత్వం!

ఆ సోమవారం సర్వర్లు ఆయాసపడుతున్నాయి. చూస్తే, తను పెట్టని కంటైనర్ ఒకటి ఎవడి కోసమో క్రిప్టో నాణేలు తవ్వుతోంది. చెరిపేసింది. మేస్త్రీ దాన్ని బుద్ధిగా మళ్లీ లేపి నిలబెట్టింది. తెరిచిన డ్యాష్‌బోర్డులోంచి దూరినవాడు ఆ పని దానికే అప్పగించి పోయాడు మరి.

లిదియా వెంటనే పనిలోకి దిగింది. డ్యాష్‌బోర్డు మూసేసింది, దొంగ పురమాయింపును పీకేసింది, తాళాలన్నీ మార్చింది. ఇన్నాళ్లూ ప్రతి కంటైనర్‌కూ సర్వాధికారాలు ఇచ్చి ఉంచింది. ఇప్పుడు దేని పనికి సరిపడా దానికే ఇచ్చి, ఒకటి ఇంకొకదాని జోలికి పోకుండా అడ్డుగోడలు కట్టింది. ఇదంతా ముందే చేసి ఏడవొచ్చు కదా అని తనను తానే తిట్టుకుంది.

కానీ వాడు పేర్లు చూశాడా? ఎవరు ఏది తెరిచారో నమోదు చేసే ఏర్పాటును తర్వాత చూద్దాంలే అని ఆమె ఆన్ చేయలేదు. ఇక తెలిసే దారి లేదు.

ఊళ్లవాళ్లకు చెప్పేద్దామంది లిదియా. "తెలీనిదాన్ని మనమే కెలుక్కోవడం ఎందుకమ్మా?" అన్నాడు ట్రస్టు పెద్ద రవిబాబు. లిదియా కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. పిన్ని సోములమ్మ గుర్తొచ్చింది. పిన్ని కూతురు భానుకు సాయినాథ్‌తో పెళ్లి కుదిరింది. భాను పేరు ఆ పేర్లలో ఉంది; ఆ సంగతి పెళ్లివారికి తెలియదు. ఎవరికీ తెలియనివ్వనని లిదియా భాను తల మీద చెయ్యేసి ఒట్టు వేసిన తర్వాతే సోములమ్మ రక్తం తియ్యనిచ్చింది.

ఇక ఆగలేక స్కూటీ తీసింది.

"పిన్నీ, మన పేర్లున్న చోటికి ఎవడో దూరాడు. తప్పు నాదే."

"ఏటే గుంటా! భాను పేరు సూసీసినాడా?"

"తెలీదు పిన్నీ. తెలుసుకునే దారి నేనే పెట్టుకోలేదు."

సోములమ్మ చోళ్లు చెరుగుతున్న చేట కింద పెట్టేసింది. "దాని నెత్తి మీద సెయ్యేసినావు కదే!"

లిదియాకు ఏడుపు తన్నుకొచ్చింది. లోపలి నుంచి అంతా విన్న భాను బయటికొచ్చి చెప్పులు వేసుకుంది.

"ఊరుకోయే అమ్మా. ఎవుడో సెప్పీలోగా సాయినాథ్‌కి నానే సెప్పేత్తాను."

లిదియా గబుక్కున లేచింది. "పద, బండి మీద దింపుతాను."

"వద్దక్కా," అంది భాను. "ఇదైనా నన్నొక్కదాన్నే సెప్పుకోనియ్యి."