ఐలీ వేళ్ళు

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సులో మేము చలికాలమంతా పలకల మీద నిలబడి అలల మీద ఆడతాం. మేమంతా పెద్దమ్మా అని పిలిచే ఐలీ ఇరవై ఏళ్ళుగా ఒడ్డున నిలబడి, చలికి వేళ్ళు మొద్దుబారాయేమో చూడ్డానికి నీళ్ళలోంచి వచ్చిన ప్రతివాణ్ణీ బొటనవేలికి చిటికెనవేలు తాకించమంటుంది. తాకకపోతే తడిబట్టలు తీయించి, దుప్పట్లు చుట్టి వ్యానులో పడుకోబెడుతుంది. వణుకుతున్నంతసేపూ ఒంట్లో వేడి ఉన్నట్టే, వణుకు ఆగిపోతేనే అసలు భయం అంటుంది.

నిన్న మాతో ఆడే రోయిస్ పలక విరిగి అలల్లో చిక్కుకుంటే, ఐలీ ఉన్ని కోటుతోనే నీళ్ళలోకి దిగి, చాలాసేపు పెనుగులాడి వాణ్ణి లాక్కొచ్చింది. వాడు వణుకుతున్నాడు. ఆమె వణకడం లేదు.

"పెద్దమ్మా, వేళ్ళు తాకించు," అన్నాను.

"నాకేంరా, బాగానే ఉన్నాను."

"ఆ మాట మేం చెబితే ఏనాడైనా నమ్మావా?"

చెయ్యెత్తింది. వేళ్ళు సగంలోనే ఆగిపోయాయి. వాటినే చూస్తూ, "అలిసిపోయాన్రా," అంది.

మెల్లగా ఎత్తి వ్యానులో పడుకోబెడితే వద్దనలేదు. దుప్పట్ల కింద ఆమె మళ్ళీ వణికేదాకా రోయిస్ పక్కనుంచి కదల్లేదు.